ఉన్నది ఉన్నట్లు: పాత పెండ్లి లెక్కల ప్రతిలేఖన పాఠము



హైదరాబాదు నగరమునకు పడమట నున్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అనునవి ఒకప్పుడు చిన్న పల్లెలు. 1998 నవంబరులో మాదాపూర్‌నందు సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిదప ఆ పల్లెల రూపురేఖలు మారి, ఆ ప్రాంతమంతయు హైటెక్ సిటీ యనియు సైబరాబాదు అనియు పేరు పొందినది. జహీరాబాదు, నారాయణఖేడ్, తాండూరు, బీదరు, కలబురగి ప్రాంతముల నుండి మన కుటుంబములు కొన్ని ఉద్యోగముల నిమిత్తమై అచ్చటి అంతస్తుల మేడలలో కాపురములు పెట్టినవి. వారు ఇష్టలింగమును మెడలో ధరించి వచ్చినారు. దేవర గూటిని వెంట తెచ్చుకొన్నారు. కాని ఊరి ఇంటి అటక మీది రేకుపెట్టెను తెచ్చుకొన్నవారు తక్కువ. ఊరి ఇల్లు అమ్మిననాడు ఆ పెట్టెలోని కాగితములు తూకమునకు పోవుచున్నవి. ఆ కాగితములలో తాతముత్తాతల పెండ్లి లెక్కలు ఉండునని ఎవరికిని తోచుట లేదు.

గడచిన మాఘమాసములో కొండాపూర్‌లోని ఒక కుటుంబమువారు నన్ను పిలిచినారు. వారి అమ్మాయి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆమెకు సంబంధము కుదురుచుండెను. ఆ సందర్భమున వంశవృక్షము వ్రాయబోగా ముత్తవ్వ పుట్టినింటి పేరు ఎవరికిని తెలియలేదు. జహీరాబాదు ప్రక్క ఊరి నుండి తెచ్చిన ఎర్రగుడ్డ అట్ట లెక్కల పుస్తకము ఒకటి వారియొద్ద కలదు. అందు నాలుగైదు పెండ్లిండ్ల వివరములు వ్రాసియున్నవి. అమ్మాయి వాటిని ఫోనుతో చిత్రము తీసి, చేవ్రాతను చదువు యంత్రమునకు ఇచ్చి చూచినది. యంత్రము చక్కని తెలుగు వాక్యములు ఇచ్చెను గాని అందులో సగము మాటలు ఆ పుటలో లేనే లేవు. అందువలన పాత రాత చదువగల పంతులు కావలసి వచ్చినాడు.

ఆ పుస్తకమునకు శుద్ధప్రతి వ్రాయుచు నేను ఒక తప్పు చేసితిని. చదువలేక చేసిన తప్పు కాదు. చదివియు చేసిన తప్పు. దానిని పాఠము చివర చెప్పెదను. అంతకు ముందు పని యొక్క పద్ధతి తెలియవలెను.

1. మన వివాహములకు వ్రాతమూలకమైన ఆధారములు ఎవ్వి?

ఇంగ్లండు దేశమున ప్రతి చర్చియు పెండ్లి, జననము తాలూకు జ్ఞానస్నానము, ఖననము అను మూడింటిని పుస్తకమునకు ఎక్కింపవలెనని 1538లో ఆజ్ఞ వెలువడినది. కావున అచ్చటివారు తమ వంశమును ఆ పుస్తకముల ద్వారా వెదకికొనగలరు. మనకు అట్టి ఏర్పాటు లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము రెండవ సెక్షనులో వీరశైవ, లింగాయత అను మాటలు స్పష్టముగా ఉన్నవి. అనగా ఆ చట్టము మనకు వర్తించును. ఎనిమిదవ సెక్షను నమోదుకు వీలు కల్పించినది గాని, నమోదు లేనంత మాత్రమున పెండ్లి చెల్లకపోదని కూడ చెప్పినది. ఆంధ్రప్రదేశ్‌లో వివాహముల నమోదు తప్పనిసరి యగుట 2002 నాటి చట్టముతోనే. అంతకు ముందటి పెండ్లిండ్లకు మనము సర్కారు కచేరీలో వెదకిన ఫలితము స్వల్పము. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారమున పారసీ, ఉర్దూ దస్తావేజులు విస్తారముగా ఉన్నవి. అవి పరిపాలనకు సంబంధించినవి. మన ఇంటి పెండ్లి మన ఇంటిలోనే దొరకవలెను.

ఇంటిలో దొరకునవి ముఖ్యముగా మూడు. మొదటిది లగ్నపత్రిక. ఇందు వధూవరుల తండ్రుల పేర్లు, ముహూర్తము, కొన్ని ఇండ్లలో గోత్రము, గురుపీఠము ఉండును. పంచాచార్య సంప్రదాయమును అనుసరించువారు వీర, నంది, భృంగి, వృషభ, స్కంద అను గోత్రములను, రంభాపురి, ఉజ్జయిని, కేదార, శ్రీశైల, కాశీ పీఠములను పేర్కొందురు. సగోత్రమున సంబంధము కలుపుకొనని కుటుంబములవారు ఈ పంక్తిని జాగ్రత్తగా వ్రాయించెడివారు. రెండవది పెండ్లి ఖర్చు లెక్క: బియ్యము, బెల్లము, పంచకలశముల సామాను, అయ్యగారి దక్షిణ, వాద్యములవారి కూలి. మూడవది చదివింపుల చిట్టా. ఎవరు ఏమి పెట్టినారో తెలుపు పట్టిక ఇది.

ఈ మూడింటిలో వంశచరిత్రకు ఎక్కువ ఉపకరించునది లగ్నపత్రిక యని తోచును. నా అనుభవమున చదివింపుల చిట్టాయే గొప్పది. లగ్నపత్రికలో వధువు పేరు ఒక్కొక్కసారి “చి॥సౌ॥ కుమార్తె” అనుటతోనే ముగియును. చిట్టాలోనైతే మేనత్త, పినతల్లి, ఆడుబిడ్డ, అక్క అత్తవారు అని వరుసలతో సహా ఆడువారు కానవత్తురు. చీర, ఖణము పెట్టినది వారే గదా! పురుషుల పేర్లతో నిండిన పుస్తకమున స్త్రీలను వెదకవలెనన్న అచ్చట వెదకవలెను. అనుభవమంటపమున స్త్రీలకు పురుషులతో సమానముగా పీఠమిచ్చిన సంప్రదాయము మనది. ముత్తవ్వ పేరును వెదకి వ్రాయుట ఆ సంప్రదాయమునకు తగిన పనియే.

2. పత్రమును చేత పట్టుట

పాత కాగితము పొడి చేతులతోనే పట్టవలెను. మడతలను బలవంతముగా విప్పరాదు. చిరిగినచోట అంటుపట్టీలు అతికించినచో కొంతకాలమునకు జిగురు పసుపుబారి అక్షరములను తినివేయును. అక్షరము స్పష్టమగునని తడిగుడ్డతో తుడుచువారు కలరు. సిరా చెదరి ఉన్నది కూడ పోవును.

పగటి వెలుతురున, కిటికీ ప్రక్కన, నీడ పడకుండ చిత్రము తీయవలెను. అక్షరము మాసినచో వెలుతురు ప్రక్కనుండి ఏటవాలుగా పడునట్లు మరియొక చిత్రము తీయవలెను. కలము నొక్కిన జాడ తేలును. ఖాళీ పుటలను, అట్టలోపలి భాగమును కూడ వదలరాదు. మన పెద్దలు ముఖ్యమైన మాటలను అట్టలోపల వ్రాసిపెట్టు అలవాటు కలవారు. ప్రతి చిత్రమునకు పుట సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యనే ప్రతిలో ప్రక్కన వేయవలెను. లేనిచో పది దినముల తరువాత ఏ వాక్యము ఏ పుటలోనిదో మనకే తెలియదు.

3. లిపి

లెక్కల పుస్తకములు సాధారణముగా గొలుసుకట్టు రాతలో ఉండును. కలము ఎత్తకుండ అక్షరమునకు అక్షరము తగిలించి వ్రాయు పద్ధతి ఇది. మాటకు మాటకు నడుమ ఎడము ఉండదు. తలకట్టు ఒకచోట విడిచి, ఒకచోట తరువాతి అక్షరముతో కలిపి వ్రాయుదురు. ఎత్వమునకు ఏత్వమునకు, ఒత్వమునకు ఓత్వమునకు భేదము పాటింపనివారు కలరు. ఒత్తక్షరములకు వత్తు పెట్టకుండుటయు కలదు. “ఏడు” అనుటకు “యేడు”, “ఒకటి” అనుటకు “వొకటి” అని వ్రాయుట మామూలు. రేఫమును అక్షరమునకు తరువాత కుడివైపున వలపలగిలకగా వ్రాయుట ఇప్పటి పిల్లలు చూచి యుండరు. దానిని వేరొక అక్షరమని భ్రమింతురు.

వ-ప, మ-య, న-స అను జంటలు తరచు మోసగించును. మన పేర్లలో దీని ప్రభావము మెండు. “ప్ప” అనునది “య్య” వలె కనబడినచో బసప్ప బసయ్య యగును. అయ్య శబ్దముతో ముగియు పేర్లు జంగమ కుటుంబములందు విరివిగా కలవు గనుక, ఒక్క వత్తు తప్పు చదివినచో భక్తుల ఇల్లు అయ్యగారి ఇల్లుగా మారిపోవును. అట్టి సందేహము కలిగినప్పుడు అదే చేతితో వ్రాసిన ఇతర పుటలు చూడవలెను. “కొబ్బరి”, “బెల్లము”, “రూపాయలు” వంటి తెలిసిన మాటలలో ఆ లేఖకుడు ప, య, మ, వ లను ఎట్లు వ్రాసెనో గుర్తించి, ఒక చిన్న అక్షరపట్టికను తయారు చేసికొనవలెను. ఒకని చేతిని నేర్చుకొనుట ఒక లిపిని నేర్చుకొనుటయే. మొదటి పుటకు రెండు దినములు పట్టినను పదవ పుట గంటలో ముగియును.

సరిహద్దు ప్రాంతములలో ఒకే పంక్తియందు తెలుగు, కన్నడము కలిసియుండును. ఈ రెండు లిపులును అక్కచెల్లెండ్రు. తెలుగు తలకట్టు ఏటవాలు గీటు. కన్నడ తలకట్టు అడ్డముగా సాగును. క, త, శ అక్షరములు రెండింటను భిన్నముగా ఉండును. మరాఠీ లెక్కలు మోడీ లిపిలో ఉండవచ్చును. అవి దేవనాగరి తెలిసినంత మాత్రమున చదువరావు. మోడీ తెలిసినవారి సాయము పొందవలెను.

అంకెలు తెలుగు అంకెలే యగుటచే నేటి చదువరులకు అవి కొత్త. ౨, ౩ లు త్వరగా వ్రాసినప్పుడు ఒకదానివలె ఒకటి కనిపించును. దీనివలన పది సంవత్సరముల తేడా రాగల విధమును ముందు చూపెదను. పాతిక, అర, ముప్పాతికలకు నిలువు గీతల గుర్తులు కలవు. ఈ తెలుగు భిన్నపు గుర్తులు 2008లో యూనికోడునందు చేరినవి గనుక కంప్యూటరులో కూడ ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనవచ్చును.

4. సంక్షేపములు, రాజభాషా పదములు

“చి॥” అనగా చిరంజీవి. “చి॥సౌ॥” అనగా చిరంజీవి సౌభాగ్యవతి. “మ॥రా॥రా॥” అనగా మహారాజరాజశ్రీ. అది గౌరవవాచకమే గాని జమీందారు బిరుదు కాదు. “శు॥” శుద్ధము, “బ॥” బహుళము. “లిం॥” అని పేరు ముందు ఉన్నచో లింగైక్యుడైన వ్యక్తి. ఈ చిన్న గుర్తు వంశచరిత్రకు అమూల్యము. వధువు తండ్రి పేరు ముందు “లిం॥” ఉన్నచో ఆ పెండ్లి నాటికే ఆయన లింగైక్యము చెందినట్లు తేలును.

నిజాము రాజ్యములో మొదట పారసీ, 1884 తరువాత ఉర్దూ పరిపాలన భాషలుగా ఉండెను. కావున తెలుగు లెక్కలలో కూడ ఆ మాటలు వచ్చును. “మౌజే” అనగా గ్రామము. “వలద్” అనగా ఫలానివాని కుమారుడు. “జౌజే” అనగా ఫలానివాని భార్య. కన్నడ ప్రాంతపు పత్రములలో ఇందులకు “బిన్”, “కోం” అని ఉండును. వీటిని పేరులోని భాగములని తలచినచో ఒకే మనిషి ఇద్దరు మనుషులగును.

రూపాయలయందును జాగ్రత్త వలయును. “హాలీ” అనునది నిజాము రూపాయ. “కల్దారు” ఆంగ్లేయుల రూపాయ. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సరియని లెక్క. “ఓలి” అని ఉన్నచో అది వరుని వైపువారు కన్యకు ఇచ్చిన సొమ్ము. దానిని కట్నమని మార్చి వ్రాసినచో సొమ్ము నడచిన దిక్కే తారుమారగును. ఇచ్చినవారు పుచ్చుకొన్నవారగుదురు.

5. కాలనిర్ణయము

పెండ్లి తేదీ మూడు విధములుగా ఉండవచ్చును: తెలుగు సంవత్సరము, శకము, ఫసలీ. శాలివాహన శకమునకు 78 కలిపిన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. తెలుగు సంవత్సరము అరువదేండ్లకు తిరిగివచ్చును గనుక ఒక్క పేరుతో నిర్ణయము కుదరదు. తరము కూడ చూడవలెను. పేర్లలో పోలికలును మోసగించును. ప్రమాది 1939లోనిది, ప్రమాదీచ 1913, 1973లలోనిది. ప్లవ 1961; ప్లవంగ 1967. వికృతి 1950, వికారి 1959. మాఘ ఫాల్గుణములలో జరిగిన పెండ్లి అయినచో ఇంగ్లీషు సంవత్సరము ఒకటి పెరుగునని మరువరాదు.

నిజాము ఇలాకా ఫసలీ సంవత్సరము అక్టోబరు తొలివారములో ఆజర్ మాసముతో మొదలగును. తరువాత దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దీబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షెహ్రేవర్, మెహర్, ఆబాన్. మొదటి మూడు మాసములకు ఫసలీకి 590, మిగిలినవాటికి 591 కలుపవలెను. మదరాసు రాజధానిలోని జిల్లాలలో ఫసలీ జూలైతో మొదలయ్యెడిది గనుక కర్నూలు బంధువుల పత్రములను ఈ లెక్కతో కొలువరాదు.

కొండాపూర్ పుస్తకములోని పెండ్లి “రక్తాక్షినామసం॥ వైశాఖ శు॥” అని మొదలగును. ప్రక్కనే ఫసలీ అంకె. అమ్మాయి దానిని ౧౩౨౩ అని చదివినది. 1323కు 591 కలిపిన 1914. కాని 1914 వైశాఖము ఆనందనామ సంవత్సరము, రక్తాక్షి కాదు. అంకెను మరల చూడగా మూడవది ౨ కాదు, ౩. ౧౩౩౩ అనగా 1333. 591 కలిపిన 1924. రక్తాక్షి సరిగా 1924లోనే వచ్చినది. ఒక ఆధారము తడబడినచోట రెండవ ఆధారము నిలిపినది. ఏ తేదీనైనను ఇట్లు రెండు త్రోవల నడచి చూచినగాని వంశవృక్షమున ఎక్కింపరాదు.

6. స్థలనిర్ణయము

ఆ పుస్తకములో “జిల్లా బీదరు” అని ఉండుట చూచి ఇంటివారు తాము కర్ణాటకమునుండి వచ్చినవారమని చెప్పుకొనుచుండిరి. ఇది చాలమంది చేయు పొరపాటు. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరుగు వరకు జహీరాబాదు, నారాయణఖేడ్ తాలూకాలు బీదరు జిల్లాలోనివి. తాండూరు, కొడంగల్ గుల్బర్గా జిల్లాలోనివి. ఆనాడు జహీరాబాదు తాలూకాలో అధికభాగము, నారాయణఖేడ్ మెదక్ జిల్లాకు, తాండూరు, కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చినవి. 2016 నుండి జహీరాబాదు సంగారెడ్డి జిల్లాలో, తాండూరు వికారాబాదు జిల్లాలో ఉన్నవి. కుటుంబము ఊరు మారలేదు. ఊరికే జిల్లాలు మారినవి. కావున ప్రతిలో “జిల్లా బీదరు” అనియే వ్రాసి, నేటి జిల్లాను వేరుగా క్రింద సూచింపవలెను.

7. ప్రతిలేఖన నియమములు

ఒకటి: మూలమున పంక్తి ఎచ్చట ముగిసిన ప్రతిలోను అచ్చటనే ముగింపవలెను.

రెండు: అక్షరదోషములను దిద్దరాదు. “యిచ్చిన” అని ఉన్నచో “యిచ్చిన” అనియే వ్రాయవలెను. నావంటి పండిత శిక్షణ పొందినవారికి ఇది కష్టమైన నియమము. ముప్పది యేండ్లుగా ఎర్ర సిరాతో పిల్లల కాపీలు దిద్దిన చేయి ఊరకుండదు. కాని ఆ దోషము లేఖకుని నోటి ఉచ్చారణకు సాక్షి. ఏ ప్రాంతమువాడో అదే చెప్పును.

మూడు: సంక్షేపమును విడదీసినచో, మనము చేర్చిన అక్షరములను వంకర కుండలీకరణములలో ఉంచవలెను.

నాలుగు: సందేహముగా చదివిన మాటను చదరపు కుండలీకరణములలో పెట్టి ప్రశ్నార్థకము వేయవలెను. చదువరానిచోట ఎన్ని అక్షరములు పోయినవో అన్ని చుక్కలు పెట్టవలెను. చుక్కలు పెట్టుట అవమానము కాదు. ఊహించి పూరించుటయే అవమానము.

ఐదు: కొట్టివేసిన మాటను కూడ వ్రాసి, కొట్టివేసినారని సూచింపవలెను.

ఆరు: మన వివరణలు, నేటి పేర్లు, తేదీల లెక్కలు వేరు కాగితముపై ఉండవలెను. మూలప్రతిలో మన మాట ఒక్కటియు చేరరాదు.

ఏడు: ముగిసిన పిదప ఒకరు మూలమును బిగ్గరగా చదువుచుండ మరియొకరు ప్రతిని చూడవలెను. వీలైనచో ఆ యింటి వృద్ధురాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను.

ఎనిమిది: ప్రతిని ఎవరికి చూపవలెను, ఎంత చూపవలెను అను విషయము కుటుంబము నిర్ణయించును. బ్రదికియున్నవారి వివరములు వారి అనుమతి లేక నలుగురిలో పెట్టరాదు. కాని చూపుట వేరు, వ్రాయుట వేరు. చూపుటలో దాపరికము ఉండవచ్చును; వ్రాయుటలో ఉండరాదు.

8. నేను చేసిన తప్పు

ఎనిమిదవ నియమము నాకు పుస్తకము వలన రాలేదు.

1924 నాటి పుటకు మకుటముగా లేఖకుడు “మారుమనువు ఖర్చు” అని వ్రాసియుండెను. మారుమనువు అనగా భర్త పోయిన స్త్రీకి చేయు రెండవ వివాహము. కన్నడమున ఉడికె అందురు. ముత్తవ్వ ముందొక ఇంట మెట్టి, భర్తను పోగొట్టుకొని, తరువాత ఈ ఇంటికి వచ్చినదని ఆ ఒక్క మాటతో తేలినది. మాట స్పష్టముగా ఉన్నది. సందేహము లేదు. అమ్మాయి పెదనాన్నగారు నా ప్రక్కన కూర్చుండి చూచుచుండిరి. ఆయన మెల్లగా అన్నారు: “ఆ ఒక్క మాట వదిలేయండి సార్. పెండ్లి కుదరబోతున్నది. అవతలివాళ్లు ఏమనుకుంటారో.”

నేను “వివాహ ఖర్చు” అని వ్రాసితిని. ఒక ఇంటి పరువు కాపాడితినని తృప్తి కూడ పడితిని.

మరుసటి ఆదివారము సరిచూచుటకు కూర్చున్నాము. అమ్మాయి ప్రతిని చదువుచుండ, ఆమె నాయనమ్మగారు మంచము మీద కూర్చుండి వినుచుండిరి. ఆమెకు తొంబది దాటినది. ఆ పుటలోని వధువు ఆమె తల్లియే. చదివింపుల చిట్టాలో ఒక పంక్తి వచ్చినది: “మొదటి అత్తవారు, చీర ౧, ఖణము ౧, రూ॥ ౧.” అమ్మాయి ఆగినది. “మొదటి అత్తవారంటే ఎవరు సార్? పెండ్లి ఒక్కటే కదా?” అని అడిగినది. ఆ పంక్తిని నేను యథాతథముగా వ్రాసితిని. పైమాటను మార్చినవాడు క్రిందిమాటను మరచినాడు. ఒక అబద్ధము వ్రాయువాడు పుటనంతయు మార్చవలసి వచ్చును.

నాకు జవాబు రాలేదు. పెదనాన్నగారు తల వంచుకొన్నారు. అప్పుడు నాయనమ్మగారు అన్నారు: “బీదరు అక్క.” కొంతసేపటికి చెప్పసాగినారు. చిన్నతనమున పండుగలకు బీదరు నుండి ఒకామె వచ్చెడిది. వయసులో చాల పెద్ద. తమ తల్లిని ఆమెయు అమ్మ అనియే పిలిచెడిది. పోవునప్పుడు ఇద్దరును గడప దగ్గర చాలసేపు నిలుచుండెడివారు. ఎందుకని అడిగిన ఎవరును చెప్పలేదు. తల్లి లింగైక్యమైన తరువాత ఆమె రాక తగ్గి, చివరకు నిలిచిపోయినది. “మా అమ్మ కన్నదేనా ఆమె?” అని తొంబదియేండ్ల ఆమె మమ్ములను అడిగినారు.

ఆ పుటలో ఆ ప్రశ్నకు తిన్నని జవాబు లేదు. ఒక్క సూచన మాత్రము కలదు. ఖర్చు పట్టికలో “పిల్లకు గాజులు” అని ఒక పద్దు. ముందు నేను దానిని పెండ్లికూతురి గాజులనుకొంటిని. వధువు గాజుల పద్దు వేరుగా ఉన్నదని అప్పుడు చూచితిని. ఇంతకంటె గట్టిగా చెప్పుటకు వీలులేదు. వివరణ కాగితమున “కావచ్చును” అని మాత్రమే వ్రాసితిమి.

ప్రతిని చించి మరల వ్రాసితిని. మకుటమున “మారుమనువు ఖర్చు” అని ఉన్నది ఉన్నట్లు వ్రాసితిని. పెదనాన్నగారు అడ్డు చెప్పలేదు. ఆయనే ఆ పంక్తి మీద వ్రేలు పెట్టి, “పోయిన కొడుకు భార్య పెండ్లికి చీర పెట్టి పంపినారు” అని తమలో తామే అనుకొన్నారు. నిజమే. ఆ పుటలో సిగ్గుపడవలసిన మాట ఒక్కటియు లేదు. కొడుకును పోగొట్టుకొని కూడ కోడలిని దీవించి పంపిన ఒక ఇంటి ఔదార్యము కలదు. నేను చెరిపివేయబోయినది దానిని.

అమ్మాయి ఆ ప్రతిని వరుని ఇంటివారికి తానే చూపినది. సంబంధము నిలిచినది. నిలువకపోయినను ప్రతి అట్లే ఉండవలసినది.

9. ముగింపు

పలు వీరశైవ శాఖలలో వితంతువుకు మారుమనువు సమ్మతమై యుండెను. దానిని దాచు అలవాటు మనకు తరువాత అబ్బినది. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున మంత్రి మధువరసు కుమార్తెను, చర్మకారుడు హరళయ్య కుమారునికి ఇచ్చి పెండ్లి చేసిరని, అందులకై బిజ్జలుడు ఆ తండ్రులిద్దరికిని మరణశిక్ష విధించెనని మన పెద్దలు చెప్పుచు వచ్చినారు. లోకము మెచ్చని ఆ పెండ్లిని శరణులు దాచియుండినచో మనకు ఆ కథయే ఉండెడిది కాదు. ఆ కల్యాణము నేడు బీదరు జిల్లాలోని బసవకల్యాణమే; కొండాపూర్ కుటుంబపు పుస్తకము పుట్టిన నేలకు అది దూరము కాదు.

బసవేశ్వరుడు కాయకము గొప్పదని బోధించెను. చేతికి వచ్చిన పనిని కల్తీ లేకుండ చేయుటయే కాయకము. ప్రతిలేఖనమునందు కల్తీ అనగా మన ఇష్టమును, మన పాండిత్యమును, మన భయమును మూలమున కలుపుట. యంత్రము తెలియక కలిపినది. నేను తెలిసి కలిపితిని. రెండింటిలో నాదే పెద్ద తప్పు.

మఠములవారికి ఒక మనవి. మీ బీరువాలలోని పాత కానుకల పుస్తకములలో భక్తుల పెండ్లిండ్లు ఉండగలవు. హరిద్వారమున పండాలు వహీలలో యాత్రికుల వంశములను తరతరములుగా వ్రాసి కాపాడుచున్నారు. మన మఠములును తమ పుస్తకములకు చిత్రములు తీయించి ఉంచినచో ఎన్నియో కుటుంబములకు దారి దొరకును. కుటుంబములవారికి ఒక మనవి. ఊరి ఇల్లు అమ్మకముందు అటక చూడుడు. ఇంటిలో వృద్ధులు ఉన్నచో ఈ ఆదివారమే వారి ప్రక్కన కూర్చుండుడు. కాగితము కొన్నాళ్లు ఆగును, వారు ఆగరు.

అభ్యాసము

1. ఫసలీ 1344 తీర్ మాసమున జరిగిన పెండ్లి ఏ ఇంగ్లీషు సంవత్సరమునకు సరి? అది ఏ తెలుగు సంవత్సరము? (జవాబు: 1935, యువ.)

2. ప్రమాది, ప్రమాదీచ అను పేర్లను పొరబడినచో ఎన్ని సంవత్సరముల తేడా వచ్చును?

3. “లిం॥” అను గుర్తు వలన వంశచరిత్రకు కలుగు లాభమేమి?

4. మీ ఇంటి పాత లగ్నపత్రిక నొకదానిని ఎనిమిది నియమములను పాటించి ప్రతి వ్రాయుడు. మీరు దిద్దవలెనని తోచిన ప్రతిచోట వేరు కాగితమున ఒక గీత పెట్టుడు. చివర ఆ గీతలు లెక్కించి, ఒక్కొక్కటి ఎందుకు దిద్దబోయితిరో మిమ్ములను మీరే అడుగుడు.